స్కోప్ కొనేటప్పుడు పెద్ద అంకె కాదు, చిన్న అంకె చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో, ప్రవాసుల పేజీలో, టెక్సస్‌లో వేట నేర్చుకుంటున్న తెలుగు కుర్రాళ్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. లైసెన్సు సంగతి, శిక్షణ సంగతి బాగానే రాశారు. కానీ చివర్లో, గురి చూసుకోవడానికి రైఫిల్ మీద బిగించే దుర్భిణి, అదే స్కోప్ గురించి ఒకే ఒక్క మాట చెప్పి వదిలేశారు. పవర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదని, ఇప్పుడు మూడు నాలుగు వందల డాలర్లలోనే 24 రెట్లు పెద్దగా చూపించేవి దొరుకుతున్నాయని. సరిగ్గా అలాంటి మాటే నమ్మి 2018 డిసెంబర్‌లో నేను ఒక జింకను రాత్రంతా నరకయాతన పెట్టాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. శాన్ ఆంటోనియోలో కళ్లద్దాల షాపులో 19 ఏళ్లుగా పని చేస్తున్నాను. డాక్టర్ రాసిచ్చిన చీటీ ప్రకారం లెన్సులు కోయడం, ఫ్రేములో బిగించడం, మనిషి ముక్కు మీద సరిగ్గా కూర్చునేలా చూడడం నా ఉద్యోగం. వేట మా ఇంట్లో ఎవరికీ లేదు. మా నాన్న వేరుశనగ చేలో మంచె మీద పడుకుని, డబ్బా వాయిస్తూ అడవిపందుల్ని తోలేవాడు. తెల్లారేసరికి గొంతు పోయేది. నేను ఇక్కడికొచ్చాక ఇంకో ముగ్గురితో కలిసి శాన్ ఆంటోనియోకి ఉత్తరాన కొంచెం భూమి కొన్నాను. ఓక్ చెట్లు, రాళ్లు, మెస్కీట్ చెట్లు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం, ముళ్లు కూడా అలాగే దిగుతాయి. అక్కడ కూడా పందులే. ఒక్క రాత్రిలో పచ్చిక బయలంతా నాగలి దున్నినట్టు పెళ్లగించి పోయేవి. పక్క రాంచ్ (పశువుల క్షేత్రం) పెద్దాయన మొదట పందుల కోసమే నా చేత రైఫిల్ పట్టించాడు. జింకల సీజన్ తర్వాతి సంగతి.

వేట అంటేనే నచ్చని పాఠకులు చాలామంది ఉంటారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను కొట్టడం నేరం, అది సరైన చట్టమే. మా అమ్మకి నా వేట ఇప్పటికీ నచ్చదు. ఇక్కడ పద్ధతి వేరు. జింకలకి సీజన్ ఉంది, ఎన్ని కొట్టాలో లెక్క ఉంది, 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినవాళ్లకి శిక్షణ తప్పనిసరి. చట్టం ఒప్పుకుందని కాల్చేవాడికి, ఆ జంతువు బాధ లేకుండా క్షణంలో పోయేలా చూసే బాధ్యత కూడా ఉంటుందని నా నమ్మకం. ఆ బాధ్యతలో సగం భారం స్కోప్ మీదే పడుతుంది.

నేను కొన్న మొదటి స్కోప్ 6-24×50. ఏ కంపెనీదో చెప్పను. ఆ అంకెలకి అర్థం ఇది: ఆరు రెట్ల నుంచి 24 రెట్ల దాకా పెంచుకోవచ్చు, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. ధర 280 డాలర్లు. మిట్టమధ్యాహ్నం రేంజ్‌లో, అంటే తుపాకీ కాల్చడం సాధన చేసే మైదానంలో, 24 మీద పెట్టి చూస్తే 100 గజాల దూరంలో కాగితం మీద పడిన చిల్లులు కూడా కనబడ్డాయి. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. 24 మీదే ఉంచి జీరో చేసుకున్నాను, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా నాబ్‌లు తిప్పి సరిచేసుకున్నాను.

డిసెంబర్‌లో ఒక శనివారం, పొద్దు గుంకింది. ఇక్కడ జింకని సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా కొట్టవచ్చు. జింకలు బయటికి వచ్చేది ఆ చివరి అరగంటలోనే. సుమారు 110 గజాల్లో ఒక జింక ఓక్ చెట్ల నీడలోంచి వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. స్కోప్‌లో చూస్తే అంతా బూడిద. మామూలు కంటికి కనిపిస్తున్న జింక స్కోప్‌లో కనిపించడం లేదు. కంగారుగా పవర్ తగ్గించుకుంటూ వచ్చాను. 8 దగ్గర బొమ్మ తేటపడింది. భుజం వెనక గురిపెట్టి కాల్చాను. జింక వెనకభాగం ఒక్కసారి ముడుచుకుని, అది వంగి పరిగెత్తింది. పెద్దాయనకి ఫోన్ చేసి ఎలా పరిగెత్తిందో చెబితే, కాసేపు మాట్లాడలేదు. 'కడుపులో తగిలింది, లైట్ తీసుకుని వస్తున్నా' అన్నాడు.

అర్ధరాత్రి దాటేదాకా వెతికాం. మెస్కీట్ ఆకుల మీద అక్కడక్కడ నెత్తురు, దాంట్లో అరగని గడ్డి. తెల్లవారాక దొరికింది. కయోటీలు, అంటే ఇక్కడి గుంటనక్కలు, మాకంటే ముందే వచ్చాయి. అది ఎంతసేపు బతికి ఉందో నేను ఊహించగలను. ఇప్పటికీ ఊహిస్తూనే ఉంటాను.

నా చెయ్యి వణికిందనుకున్నాను. పెద్దాయన మాత్రం మర్నాడే రేంజ్‌కి తీసుకెళ్లాడు. 100 గజాల్లో కాగితం పెట్టి, ఇసుక సంచుల మీద రైఫిల్ ఆనించి, 24 మీద మూడు తూటాలు కాల్పించాడు. మూడూ నడిమధ్యలో, ఒక రూపాయి నాణెం మూసేంత చోటులో పడ్డాయి. ఇంకేదీ ముట్టుకోకుండా పవర్ మాత్రం 8కి తగ్గించి మళ్లీ మూడు కాల్పించాడు. ఆ మూడు కూడా దగ్గర దగ్గరగానే పడ్డాయి, కానీ మూడంగుళాలకు పైగా కిందకి, ఎడమకి. పవర్ తిప్పితే లోపల లెన్సులు ముందుకీ వెనక్కీ జరుగుతాయి. వాటిని మోసే భాగాల్లో కాస్త వదులున్నా గురి పక్కకి పోతుంది. ఇక్కడి జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. నడిమధ్య నుంచి నాలుగంగుళాలు తప్పితే బయటే. స్కోప్ మూడంగుళాలు తప్పించింది, మిగిలింది నా ఊపిరి తప్పించింది. ఆ కాగితం ఇంకా నా టూల్‌బాక్స్ మూత లోపల అంటించి ఉంది.

ఇక ఆ బూడిద రంగు సంగతి. దాని గురించి నాకు ముందే తెలిసి ఉండాలి, అది నా ఉద్యోగమే. సోమవారం షాపుకి స్కోప్ పట్టుకెళ్లాను, రైఫిల్ లేకుండా. కిటికీ వైపు తిప్పి చెయ్యి చాచి పట్టుకుంటే వెనక అద్దంలో చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. స్కోప్ నుంచి మన కంట్లోకి వచ్చే వెలుతురంతా ఆ చుక్కలోంచే. కస్టమర్ల కనుపాపల మధ్య దూరం కొలిచే మిల్లీమీటర్ స్కేలు దాని మీద పెట్టాను. 24 దగ్గర చుక్క వెడల్పు రెండు మిల్లీమీటర్లు. 8 దగ్గరికి తిప్పితే ఆరు దాటింది. దీనికి లెక్క చాలా సులువు. ముందు అద్దం వెడల్పుని పవర్‌తో భాగిస్తే చాలు. 50ని 24తో భాగిస్తే రెండు. చీకట్లో కుర్రవాడి కనుపాప ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. యాభై దాటినవాళ్లకి అయిదు వస్తే గొప్ప. అయిదు మిల్లీమీటర్ల వాకిలి తెరిచి పెట్టుకున్న కంట్లోకి రెండు మిల్లీమీటర్ల వెలుగు పంపితే బూడిద కాక ఇంకేం కనిపిస్తుంది?

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఒకటే చెబుతాను. 250 గజాల లోపల జింకకి, పందికి అయితే 3-9×40 గాని, రెండు రెండున్నర నుంచి పది దాకా వెళ్లేది గాని తీసుకోండి. 3-9×40ని 9 దగ్గర పెట్టినా వెలుగు చుక్క నాలుగు మిల్లీమీటర్ల పైనే ఉంటుంది, 6 దగ్గర ఆరున్నర దాటుతుంది. మొదటి అంకె చిన్నదిగా ఉండడం ఇంకా ముఖ్యం. మూడు దగ్గర 100 గజాల్లో దాదాపు 33 అడుగుల వెడల్పు కనిపిస్తుంది. పొదలోంచి పంది 30 గజాల్లో బయటికొస్తే ఆరు రెట్ల స్కోప్‌లో ఎటు చూసినా నల్ల వెంట్రుకలే. అది తల్లి పందో, పిల్ల పందో, వెనకాల ఇంకేముందో తెలియదు. పవర్ పెంచుకోవడానికి దూరపు జంతువు టైమ్ ఇస్తుంది. దగ్గరికొచ్చింది తగ్గించుకోవడానికి టైమ్ ఇవ్వదు.

మధ్యరకం ధర అంటే ఇక్కడ 300 నుంచి 600 డాలర్లు. ఆ డబ్బుకి 24 రెట్లు అడిగితే, తయారీదారు ఆ డబ్బునే పెద్ద అద్దాలకీ, పక్క నాబ్‌కీ, గురిపెట్టడానికి లోపల కనిపించే అడ్డం నిలువు గీతలు, అదే క్రాస్‌హెయిర్, వెలిగేలా చేయడానికీ పంచాలి. అంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. కోత పడేది మన కంటికి కనిపించని చోట, లోపలి స్ప్రింగులో, మరలో, అద్దం పూతలో. అదే డబ్బుకి 3-9 కొంటే ఆ కోత అక్కర్లేదు. నా దగ్గర ఇప్పుడున్నది లూపోల్డ్ 3-9×40, 300 డాలర్ల చిల్లర పడింది. ఆ కంపెనీ ఆరెగన్‌లో 1907లో సర్వే పరికరాల రిపేరు షాపుగా మొదలైంది. మార్కస్ లూపోల్డ్ వేటకి వెళ్లి, స్కోప్ లోపల ఆవిరి పట్టడం వల్ల జింకను పోగొట్టుకుని, ఇంతకన్నా మంచిది నేనే చేయగలనని మొదలుపెట్టాడని వాళ్లే చెప్పుకుంటారు. నేను వాళ్ల ప్రచారకుణ్ని కాను. వోర్టెక్స్, బరిస్ కూడా ఈ ధరలో మంచివే చేస్తున్నాయి. వారంటీ ఒకటి చూసుకోండి. వోర్టెక్స్ అయితే బిల్లు లేకపోయినా, రెండో చేతి వస్తువైనా బాగు చేసి ఇస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనే కుర్రాళ్లకి అది పెద్ద ధైర్యం.

పూత గురించి నా వృత్తి మాట ఒకటి. పూత లేని అద్దం ప్రతి ఉపరితలం దగ్గర సుమారు నాలుగు శాతం వెలుతురుని వెనక్కి కొట్టేస్తుంది. కళ్లద్దానికి ఉన్నవి రెండే ఉపరితలాలు. స్కోప్‌లో పది ఉన్నాయనుకుంటే మూడో వంతు వెలుతురు దారిలోనే పోయినట్టే. పెట్టె మీద ఉత్త 'కోటెడ్' అని ఉంటే ఒక్క అద్దానికి పూసినా అలా రాసుకోవచ్చు. 'ఫుల్లీ మల్టీ కోటెడ్' అని ఉన్నదే తీసుకోండి. గొట్టం లావు 30 మిల్లీమీటర్లయితే వెలుతురు ఎక్కువొస్తుందని సేల్స్‌మెన్ చెబుతారు. అది తప్పు. లావు గొట్టం వల్ల నాబ్‌లు ఎక్కువ దూరం తిప్పే చోటు దొరుకుతుంది, అంతే. మన దూరాలకి అంగుళం గొట్టం చాలు.

క్రాస్‌హెయిర్ విషయం కూడా చెప్పాలి. కొన్ని స్కోపుల్లో పవర్ పెంచితే క్రాస్‌హెయిర్ కూడా పెద్దదవుతుంది, తగ్గిస్తే సన్నబడుతుంది. వాటిని ఫస్ట్ ఫోకల్ ప్లేన్ అంటారు. అయిదారు వందల గజాలు కాల్చేవాళ్లకి, గీతల్ని బట్టి దూరం లెక్కకట్టేవాళ్లకి అవి అవసరం. వేటకి మాత్రం సరిగ్గా తప్పు సమయంలో తప్పు పని చేస్తాయి. మునిమాపు వేళ మూడుకి తగ్గించగానే గీత సాలెగూడు పోగులా మారి కనిపించకుండా పోతుంది. సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో గీత ఎప్పుడూ ఒకే లావు. చుట్టూ లావుగా వచ్చి మధ్యలో సన్నబడే గీత ఉంది చూడండి, డూప్లెక్స్ అంటారు, 1962లో లూపోల్డ్ తెచ్చింది. మధ్య సన్నగీత చీకట్లో కలిసిపోయినా నాలుగు లావు గీతలు కన్నుని మధ్యకే తీసుకెళ్తాయి. అరవై ఏళ్లు దాటినా అంతకన్నా మంచిది నేను చూడలేదు.

కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఒక ఏడాది సీజన్ మొదలైన సోమవారం పొద్దున్నే షాపు తెరవగానే ఒకతను వంకరపోయిన ఫ్రేము పట్టుకుని వచ్చాడు. కనుబొమ్మ మీద నెలవంక ఆకారంలో తెగిన గాయం, మూడు కుట్లు. చూడగానే అర్థమైంది. కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్ని, స్కోప్ అంచు జోడుని ముఖంలోకి నొక్కింది. వెనక అద్దానికి, కంటికి మధ్య ఉండాల్సిన దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. అది మూడున్నర నుంచి నాలుగు అంగుళాలు ఉండాలి. జోడు మందం అందులోంచే పోతుంది. చాలా స్కోపుల్లో పవర్ పెంచేకొద్దీ ఈ దూరం తగ్గుతుంది. పెట్టె మీద రాసిన రెండు అంకెల్లో తక్కువదే మీ అంకె. షాపులో నిలబడి కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, ఆ తర్వాత కళ్లు తెరవండి. మెడ ముందుకీ వెనక్కీ జరపకుండానే నిండు వృత్తం కనబడాలి.

జోడుతోనే కాలుస్తారా, జోడుతోనే సరిచేసుకోండి. వెనక అద్దం తిప్పి క్రాస్‌హెయిర్‌ని స్పష్టం చేసుకునేటప్పుడు చాలామంది అదేపనిగా చూస్తూ తిప్పుతారు. అలా చూస్తే కంటి లోపలి కండరమే సర్దుకుపోయి, మసక ఉన్నా బాగుందనిపిస్తుంది. ఖాళీ ఆకాశం వైపు పెట్టి, రెండు సెకన్లు చూసి, చూపు తిప్పేసుకుని, కొంచెం తిప్పి, మళ్లీ చూడాలి. చూసిన మొదటి క్షణంలోనే గీత నల్లగా, పదునుగా ఉండాలి.

కొన్నాక పరీక్ష పెట్టకుండా అడవికి తీసుకెళ్లొద్దు. 100 గజాల్లో మూడు కాల్చి, నాబ్‌ని 20 క్లిక్కులు పైకి తిప్పి, మూడు. 20 కుడికి, మూడు. 20 కిందకి, మూడు. 20 ఎడమకి, మళ్లీ మూడు. ఒక్కో క్లిక్కు పావు ఎంఓఏ, అంటే 100 గజాల్లో సుమారు పావు అంగుళం జరిపేదైతే కాగితం మీద సుమారు అయిదంగుళాల చతురస్రం రావాలి, చివరి మూడు మొదటి మూడింటి మీదే పడాలి. తర్వాత పెద్దాయన నాకు చేయించిన పరీక్ష: ఎక్కువ పవర్ మీద మూడు, తక్కువ మీద మూడు. ఈ రెండూ కలిపి తూటాలకే చాలా ఖర్చవుతుందని కుర్రాళ్లు ఏడుస్తారు. కడుపులో తూటా దిగిన జింక వెనక ఒక్క రాత్రి తిరిగితే ఆ ఖర్చు గుర్తుకు రాదు. ఆవిరి సంగతీ చూసుకోండి. ఏసీ కారులోంచి తేమగాలిలోకి తెస్తే బయటి అద్దానికి ఆవిరి పట్టడం మామూలే, తుడిస్తే పోతుంది. లోపల పడితే మాత్రం వెనక్కి పంపేయండి.

స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే రింగులు, బేస్ దగ్గర పొదుపు చేయొద్దు. నేను 600 డాలర్లలో మూడు వందల చిల్లర స్కోప్‌కి, 60 రింగులకి, 150 బైనాక్యులర్‌కి, మిగతాది తూటాలకి పెట్టాను. స్క్రూలు చేతి బలంతో కాదు, బిగింపు ఎంతో కొలిచి చూపే టార్క్ రెంచ్‌తో, తయారీదారు చెప్పిన అంకె దాకే బిగించాలి. నిలువు గీత నిజంగా నిలువుగా ఉందో లేదో చూడడానికి మా ఊరి తాపీ మేస్త్రీలు గోడకి వేలాడదీసే గుండు దారం లాంటిదే షెడ్డు తలుపుకి కట్టి చూశాను. ఇంతకన్నా ఖచ్చితమైన సాధనం లేదు.

బైనాక్యులర్ విలాసం కాదు. ఎక్కువ పవర్ స్కోప్ ఉన్నవాళ్లు పొదలో ఏదైనా కదిలితే అదేంటో చూడడానికి రైఫిలే ఎత్తుతారు. అక్కడున్నది మనిషైతే, మీరు మనిషికి తుపాకీ గురిపెట్టినట్టే. ముందు బైనాక్యులర్‌తో చూసి, ఏమిటో నూటికి నూరుపాళ్లు తెలిశాకే రైఫిల్ ఎత్తాలి. నాతో వచ్చే తెలుగు పిల్లలకి ఇది ఒక్కటి తప్పితే మళ్లీ తీసుకెళ్లనని ముందే చెబుతాను.

మీ వ్యాసంలో లేనివి ఇంకో రెండు. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గాని తూటాలు గాని దగ్గర పెట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిలే కదా అని పట్టుకునే ముందు లాయర్‌ని అడగండి, మీ కుటుంబం మొత్తం ఆ వీసా మీదే ఉంది. రెండోది, ఊళ్లో తమ్ముడి ఎయిర్‌గన్‌కని స్కోప్‌ని సూట్‌కేసులో పెట్టుకుని ఇండియాకి బయల్దేరొద్దు. రైఫిల్ స్కోపులకి అమెరికా ఎగుమతి నిబంధనలు వర్తిస్తాయి, అక్కడి కస్టమ్స్ వేరే ఉంది. మా అక్క కొడుకు అడిగితే కుదరదని చెప్పాను. అలిగాడు, పర్వాలేదు.

ఇక్కడ జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. ఆ వ్యాసం చదివిన కుర్రాళ్లు ఈ నెలా వచ్చే నెలా స్కోపులు కొంటారు. పవర్ ఎంత ఉంటే అంత మంచిదన్న ఆ వాక్యాన్ని ఆలోపే సరిచేయమని, వీలైతే అదే పేజీలో వేయమని కోరుతున్నాను. మా షాపు కౌంటర్ మీద స్కేలు పెట్టి తీసిన వెలుగు చుక్క ఫొటోలు రెండు, 24 దగ్గరిదీ 8 దగ్గరిదీ, ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
శాన్ ఆంటోనియో, టెక్సస్